మొగిలి ఘాట్ ఎక్కే ఆటోమేటిక్ బండికి ఆయిల్ కూలర్ ఎక్కడ పెట్టాలి

"మన దగ్గర చలి ఎక్కడుంది సార్? రేడియేటర్‌కి పోయే పైపు పీకేసి నేరుగా కొత్త కూలర్‌కి ఇచ్చేద్దాం." ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కి బయటి కూలర్ పెట్టించాలని షెడ్డుకి వెళితే తరచూ వినబడే మాట ఇది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. గేర్ ఆయిల్‌ని రేడియేటర్ గుండా తిప్పేది చలి దేశాల్లో దాన్ని తొందరగా వేడెక్కించడానికట, మే నెలలో నలభై దాటే రేణిగుంట ఎండలో దానితో పని లేదట. ఇందులో సగం నిజం. మిగతా సగాన్ని నమ్మితే మాత్రం ట్రైలర్ కట్టిన బండి ఘాట్ మధ్యలో గేర్‌బాక్స్‌ని కాల్చుకుంటుంది. రేడియేటర్‌ని తప్పించకూడదు, కొత్త కూలర్‌ని దాని తర్వాత వరసలో పెట్టాలి, అసలు పెట్టాలా వద్దా అన్నది ముందు వేడి కొలిచి తేల్చుకోవాలి. నా వాదన ఇంతే. కారణాలు చెబుతాను.

ముందు ఎవరికి ఇది అక్కర్లేదో చెప్పేస్తే వాళ్ల సమయం మిగులుతుంది. మాన్యువల్ గేరు బళ్లకి వద్దు. ఏఎంటీ అనే బళ్లలో ఉండేది మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని మాత్రం యంత్రమే చేస్తుంది. దానికీ వద్దు. డ్రై క్లచ్ డీసీటీలో, అంటే రెండు పొడి క్లచ్‌లతో నడిచే గేర్‌బాక్స్‌లో, వేడెక్కేది ఆ క్లచ్ ప్లేట్లు, వాటిని ఆయిల్ కూలర్ ఏమీ చేయలేదు. ఆ బండితో ఘాట్‌లో బరువు లాగకపోవడమే దారి. గేర్ల బదులు బెల్టుతో నడిచే సీవీటీకి ఆయిల్ వేరు, లెక్క వేరు, బరువు లాగడానికి అది పుట్టనేలేదు. మిగిలింది టార్క్ కన్వర్టర్ ఉన్న అసలు ఆటోమేటిక్: ఫార్చ్యూనర్, పాత ఇన్నోవా క్రిస్టా ఆటోమేటిక్, థార్, స్కార్పియో-ఎన్ లాంటివి. మన వైపు టెంట్ హౌస్ జనరేటర్, సౌండ్ సిస్టమ్, టిఫిన్ బండి లాంటివి ట్రైలర్ మీద పెట్టి లాగేది ఎక్కువగా ఇలాంటి బళ్లే.

ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య టార్క్ కన్వర్టర్‌లో గట్టి బంధం ఉండదు. ఒక ఫ్యాను ఆయిల్‌ని విసిరితే, ఎదురుగా ఉన్న ఇంకో ఫ్యాను దాని తోపుకి తిరుగుతుంది. రెండూ ఒకే వేగంతో తిరగనంత సేపూ తేడా అంతా ఆయిల్‌లో వేడిగా మారుతుంది. చదును రోడ్డు మీద లాకప్ క్లచ్ పడి రెండింటినీ కలిపేస్తుంది, అప్పుడు వేడి పుట్టేది చాలా తక్కువ. తిరుపతి నుంచి నాయుడుపేట వైపు ఎనభైలో పోతుంటే ఎంత ఎండ ఉన్నా గేర్ ఆయిల్ పెద్దగా కదలదు. ఘాట్‌లో వేగం తగ్గి, మలుపు మలుపుకీ గేరు మారుతుంటే లాకప్ ఊడిపోతుంది. జారుడంతా ఆయిలే మోయాలి.

ఎంత వేడి? చిత్తూరు నుంచి పలమనేరుకి మొగిలి ఘాట్ ఎక్కే బండినే తీసుకుందాం. ఊరికీ ఊరికీ ఎత్తులో తేడా దాదాపు 350 మీటర్లు, ఆ ఎక్కుడులో ఎక్కువ భాగం ఘాట్‌లోనే. బండి రెండు టన్నులు, ట్రైలర్ ఎనిమిది వందల కిలోలు అనుకోండి. నూటికి ఐదు వాలున్న చోట నలభై వేగంతో ఎక్కాలంటే చక్రాల దగ్గర ఇరవై కిలోవాట్లు కావాలి. లాకప్ లేని కన్వర్టర్ నూటికి ఎనభై, ఎనభై ఐదు పాళ్లే అందిస్తుంది. మిగిలిన మూడున్నర నుంచి ఐదు కిలోవాట్లు ఆయిల్‌లోకి పోతాయి. బాత్‌రూమ్‌లో ఉండే గీజర్ రెండు కిలోవాట్లు. అంటే గేర్‌బాక్స్‌లో రెండు గీజర్లు ఆన్ చేసి పెట్టినట్టు. ఎనిమిది లీటర్ల ఆయిల్‌నీ, చుట్టూ ఉన్న ఇనుమూ అల్యూమినియాన్నీ కలిపి లెక్క వేస్తే, చల్లబరిచేది ఏదీ లేనప్పుడు నిమిషానికి సుమారు నాలుగు డిగ్రీలు ఎక్కుతుంది. పది నిమిషాల ఎక్కుడుకి నలభై. తొంభై దగ్గర మొదలైన ఆయిల్ పైకి చేరేసరికి నూట ముప్పై.

గేర్ ఆయిల్‌కి హాయిగా ఉండేది ఎనభై నుంచి తొంభై ఐదు డిగ్రీల మధ్య. ఆ పైన ప్రతి పది డిగ్రీలకీ ఆయుష్షు సగం అవుతుందని పనివాళ్ల లెక్క. నూట పదిహేను దాటాక లోపల వార్నిష్‌లా జిగురు పట్టడం మొదలవుతుంది, నూట ఇరవై ఐదు పైన సీల్స్ గట్టిబడతాయి, నూట యాభై దగ్గర క్లచ్ ప్లేట్లే కాలిపోతాయి. "లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చక్కర్లేదు" అని ఎవరైనా అంటే, ఎవరి లైఫ్‌టైమో అడగండి. బరువు లాగే బండికి నలభై, యాభై వేల కిలోమీటర్లకి ఒకసారి మార్చాల్సిందే.

ఇక రేడియేటర్ సంగతి. బండి ముందు పెట్టే కూలర్‌కి గాలే ఆధారం. ఘాట్‌లో లారీ వెనక ఇరుక్కుని గంటకి పదిహేను కిలోమీటర్ల వేగంతో పాకుతుంటే ఎదురుగాలి ఏది? ఫ్యాను లాగినంతే గాలి, అదీ ముందు లారీ వదిలిన వేడి గాలి. రేడియేటర్ ట్యాంకులో ఆయిల్ పైపు చుట్టూ తిరిగేది నీళ్లు. గాలి కంటే నీళ్లు వేడిని ఎన్నో రెట్లు తొందరగా పీల్చుకుంటాయి. పైగా నీళ్ల పంపు తిరిగేది బండి వేగాన్ని బట్టి కాదు, ఇంజన్ వేగాన్ని బట్టి. తక్కువ గేర్‌లో ఇంజన్‌ని జోరుగా తిప్పుతూ ఎక్కుతున్నప్పుడు బండి నత్తలా పోతున్నా పంపు జోరుగానే తిరుగుతుంది. గాలి కూలర్ చేతులెత్తేసే వేళకే రేడియేటర్ నిలబడుతుంది. దాన్ని పీకేయడమంటే అవసరమైన చోట గొడుగు ఇంట్లో పెట్టి రావడమే.

మరి రేడియేటర్ ఒక్కటీ చాలదా? లోడు లేని బండికి చాలు. లోడుతో చాలదు, ఎందుకంటే నీళ్లే తొంభై, తొంభై ఐదు దగ్గర ఉంటాయి, ఆయిల్‌ని అంతకంటే కిందికి దించలేవు. అందుకే వరస ముఖ్యం: గేర్‌బాక్స్ నుంచి రేడియేటర్, రేడియేటర్ నుంచి కొత్త కూలర్, అక్కడి నుంచి తిరిగి గేర్‌బాక్స్. నూట ఇరవైలో వచ్చిన ఆయిల్‌ని నీళ్లు నూట ఐదుకి దించితే, నలభై డిగ్రీల గాలి దాన్ని తొంభైకి దించుతుంది. తిరగేసి కూలర్‌ని ముందు పెట్టారనుకోండి, గాలి తొంభైకి దించిన ఆయిల్ తొంభై ఐదు డిగ్రీల నీళ్లలోకి పోయి మళ్లీ వేడెక్కి గేర్‌బాక్స్‌కి వస్తుంది. కూలర్‌కి పెట్టిన డబ్బు నీళ్ల పాలు, అక్షరాలా.

బైపాస్ చేయించేవాళ్లు చెప్పే ఇంకో భయంలో మాత్రం నిజముంది. పాత రేడియేటర్‌లో లోపలి పైపు చిల్లుపడితే కూలెంటూ గేర్ ఆయిలూ కలిసిపోతాయి. ఆయిల్ స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్ రంగుకి తిరుగుతుంది, కూలెంట్‌లోని గ్లైకాల్ క్లచ్ ప్లేట్ల లైనింగ్ జిగురుని కరిగిస్తుంది, గేర్‌బాక్స్ పోతుంది. నిజమే. దానికి మందు పాత రేడియేటర్‌ని మార్చడం. ఏళ్ల తరబడి కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసి నడిపిన బండైతే, కూలర్ కంటే ముందు రేడియేటర్ కొనండి. ఉప్పు నీళ్లు ఆ పైపుని లోపల్నుంచి తినేస్తాయి.

కొన్ని కొత్త బళ్లలో ఆయిల్ రేడియేటర్ దాకా రానే రాదు. గేర్‌బాక్స్‌కే అరచేతి సైజు ప్లేట్ల డబ్బా బిగించి, కూలెంట్‌నే అక్కడికి తెస్తారు. కింద పడుకుని చూస్తే గేర్‌బాక్స్ నుంచి ముందుకి రెండు ఇనుప పైపులు వస్తున్నాయా, లేక డబ్బాకి రబ్బరు కూలెంట్ పైపులు మాత్రమే ఉన్నాయా తెలిసిపోతుంది. రెండో రకమైతే దానికి సరిపడే అడాప్టర్ దొరికితేనే ఈ పని. లేకపోతే ఎవరెంత ధైర్యం చెప్పినా అక్కడ కొయ్యనివ్వద్దు.

కొనే ముందు కొలవండి. బండి కంప్యూటర్‌ని చదివే ఓబీడీ పోర్టుకి పెట్టే బ్లూటూత్ స్కానర్, ఫోన్‌లో ఒక యాప్ చాలు. గేర్ ఆయిల్ వేడి చూపించే కోడ్ కంపెనీ కంపెనీకీ మారుతుంది కాబట్టి మీ బండికి పనిచేసేదే చూసుకోండి. అది కుదరకపోతే ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో గేర్‌బాక్స్ అడుగు చాంబర్ మీద కొట్టి చూడవచ్చు. మెరిసే లోహం మీద గన్ తప్పు చూపిస్తుంది, అందుకే ముందే చాంబర్ మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీదే కొట్టాలి. చాంబర్‌లో కనిపించేది కన్వర్టర్ నుంచి అప్పుడే బయటికొచ్చిన ఆయిల్ కంటే ఇరవై, ముప్పై డిగ్రీలు తక్కువే ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. మీరు లాగే అసలు లోడుతో, మధ్యాహ్నం ఎండలో, మొగిలి ఘాటో భాకరాపేట ఘాటో ఒకసారి ఎక్కండి. చాంబర్ వేడి నూరు దాటకపోతే కూలర్ అక్కర్లేదు, ఆ డబ్బుతో ఆయిల్ మార్పించుకోండి. ఎక్కిన ప్రతిసారీ నూట ఐదు, నూట పది కొడుతుంటే పెట్టించండి. నూట ఇరవై చూస్తే ఇవాళ ఆ ట్రైలర్‌ని అక్కడే వదిలేయండి.

కూలర్లలో మూడు రకాలు. పైపుని పాములా వంచి రేకులు తొడిగినది చవక, దుమ్ము పట్టినా కడగడం తేలిక, కానీ చల్లబరిచేది తక్కువ. ప్లేట్ అండ్ ఫిన్ మధ్య రకం. స్టాక్డ్ ప్లేట్, అంటే పలుచటి ప్లేట్లని ఒకదానిపై ఒకటి పేర్చినది, అదే సైజులో అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. నా ఓటు దానికే. సైజు విషయంలో మాత్రం అత్యాశ వద్దు. పదకొండంగుళాల పొడవు, ఎనిమిదంగుళాల ఎత్తు ఉన్నది మన ఎనిమిది వందల కిలోల ట్రైలర్‌కి చాలు. ఇంకా పెద్దది పెడితే వెనకున్న ఏసీ కండెన్సర్‌ని సగం మూసేస్తుంది. ఏసీ చల్లదనం తగ్గుతుంది, దాని వెనకున్న రేడియేటర్‌కీ వేడి గాలే అందుతుంది. ఒకటి బాగుచేయబోయి రెండు పాడు చేసుకున్నట్టు. కూలర్‌తో పాటు, ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు దాన్ని కూలర్‌లోకి పోనివ్వని థర్మోస్టాట్ వాల్వ్ కూడా అమ్మజూపుతారు. హార్సిలీ హిల్స్ మీద డిసెంబరు తెల్లవారుజామున తప్ప మన జిల్లాల్లో దానికి పని దొరకడం కష్టం. పెట్టాక మామూలు రోజుల్లో ఆయిల్ డెబ్బై దాటడం లేదని కొలతలో తేలితే అప్పుడు చూసుకోవచ్చు.

బిగించడం అరపూట పని. గ్రిల్, అవసరమైతే బంపర్ విప్పి, కండెన్సర్ ముందు ఫ్యాను లాగే భాగానికి ఎదురుగా కూలర్ కూర్చోవాలి. కండెన్సర్‌కీ దానికీ మధ్య వేలు మందం ఖాళీ. ఎల్ పట్టీలు, రబ్బరు బుష్‌లతో బాడీకి బిగించాలి. కిట్‌లో వచ్చే ప్లాస్టిక్ ట్యాగులని కండెన్సర్ రేకుల గుండా దూర్చి కట్టే పద్ధతిని నేను ఒప్పుకోను. గతుకుల రోడ్డు మీద ఊగి ఊగి అది కండెన్సర్ పైపునే కోస్తుంది, అప్పుడు గ్యాసూ పోతుంది. కూలర్ మూతులు పక్కకో పైకో ఉండాలి. కిందికి పెడితే పై భాగంలో గాలి ఇరుక్కుంటుంది.

ఏ పైపు ఎటు పోతుందో ఊహించవద్దు. తెల్లారి చల్లటి బండి స్టార్ట్ చేసి, బ్రేకు మీద కాలు ఉంచి గేర్లన్నీ ఒకసారి మార్చి, రెండు మూడు నిమిషాలు వదలండి. రేడియేటర్‌కి ఉన్న రెండు ఆయిల్ పైపుల్లో ముందు వేడెక్కేది గేర్‌బాక్స్ నుంచి వచ్చేది. ఆలస్యంగా వేడెక్కేది తిరిగి పోయేది. కొయ్యాల్సింది ఈ రెండోదాన్ని. హ్యాక్సా బ్లేడు వాడనివ్వకండి. ఆ రంపపు పొట్టు ఆయిల్‌తో పాటు గేర్‌బాక్స్‌లోకి, గేర్లు మార్పించే వాల్వులుండే వాల్వ్ బాడీ దాకా పోవచ్చు, అక్కడ వెంట్రుక మందం పొట్టు చాలు ఒక వాల్వ్ ఇరుక్కుపోవడానికి. చుట్టూ తిప్పి కోసే ట్యూబ్ కట్టర్ వాడాలి, అంచుని లోపలా బయటా నున్నగా గీకాలి.

ఎక్కువ లీకులు పుట్టేది తర్వాతి చోటే, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. కోసిన పైపు చివర నున్నగా ఉంటే దాని మీద హోస్ ఎంత బిగించినా వేడికి జారుతుంది. ఫ్లేరింగ్ టూల్‌తో చివర చిన్న గట్టు లేపాలి. త్రీ-బై-ఎయిట్ అంగుళాల హోస్‌ని ఒక అంగుళం లోపలికి తొడిగి, క్లిప్పుని ఆ గట్టుకి వెనక రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో బిగించాలి. గట్టు మీదే బిగిస్తే హోస్ తెగుతుంది, మరీ హోస్ అంచున బిగిస్తే క్లిప్పు ఊడుతుంది. చుట్టూ చీలికలున్న మామూలు క్లిప్పు రబ్బరుని ఆ చీలికల్లోకి పిండి కోస్తుంది. లోపల నున్నగా ఉండే, బోల్టు నట్టుతో బిగిసే ఇంజెక్షన్ టైపు క్లిప్పు వాడండి. గట్టు లేని పైపు మీద రెండు క్లిప్పులు వేస్తే సరిపోతుందనేది వట్టి ఓదార్పు. హోస్ కూడా ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కోసం చేసినదే కావాలి, మీద ఎస్ఏఈ జె1532 అని అచ్చు ఉంటుంది. డీజిల్ హోస్ ఆ వేడికి గట్టిబడి పగులుతుంది. హీటర్ హోస్ ఆయిల్‌కి ఉబ్బి మెత్తబడుతుంది. సైలెన్సర్ పైపుకి దూరంగా, ఫ్యాను బెల్టుకి తగలకుండా, రేకుని దాటే చోట పాత హోస్ ముక్క తొడుగుగా వేసి తీసుకెళ్లాలి. వంపు మరీ బిగువుగా ఉంటే లోపల మూసుకుపోతుంది. చాలా గేర్‌బాక్సుల్లో ఈ తిరుగు ఆయిలే వెనక గేర్లకీ బుష్‌లకీ తడి ఇస్తుంది. ప్రవాహం తగ్గితే వేడి సంగతి అటుంచి గేర్లే ఎండిపోతాయి. పైపు మధ్యలో పెట్టే చవక ఇన్‌లైన్ ఫిల్టర్‌ని నేను వద్దనడానికీ కారణం ఇదే.

అన్నీ కలిపే ముందు తిరుగు పైపుని సీసాలో పెట్టి వేడి ఇంజన్‌ని ఐడిల్‌లో నడపండి. సుమారు అర నిమిషంలో లీటరు రావాలి. సన్నగా ధార కడుతుంటే ఎక్కడో అడ్డముంది.

కొత్త కూలర్‌లోకి మూడు, నాలుగు వందల మిల్లీలీటర్లు పడుతుంది, మీటరు హోస్‌లోకి డెబ్బై చొప్పున ఇంకో రెండు వందలు. మొత్తం అర లీటరు పైచిలుకు అదనం. ఆయిల్ మీ బండి మాన్యువల్‌లో రాసిన రకమే. టయోటా డబ్ల్యూఎస్ రకం ఆయిల్ అడిగే గేర్‌బాక్స్‌లో ఎర్రగా ఉంది కదా అని పాత డెక్స్‌రాన్-3 పోయకూడదు, చిక్కదనాలు వేరు. డిప్‌స్టిక్ లేని బళ్లలో లెవల్ చూడటం ఒక తంతు. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా, ఆయిల్ సుమారు ముప్పై ఐదు, నలభై ఐదు డిగ్రీల మధ్య ఉన్నప్పుడు, కంపెనీ కంపెనీకీ ఈ అంకె కాస్త మారుతుంది, అడుగు ప్లగ్ విప్పితే ఆయిల్ చుక్కలు చుక్కలుగా కారాలి. తిరుపతి వేసవిలో మధ్యాహ్నం షెడ్డులో నిలబెట్టిన బండి గేర్ ఆయిల్ స్టార్ట్ చేయకముందే నలభై దాటి ఉంటుంది. స్టార్ట్ చేసి జాకీలు సర్దుకునేసరికి యాభై, అరవై. వేడికి ఎనిమిది లీటర్ల ఆయిల్ నలభై డిగ్రీలకి పావు లీటరు ఉబ్బుతుంది. ఆ ఉబ్బిన ఆయిల్‌ని ఎక్కువైందనుకుని బయటికి వదిలేస్తారు. చల్లారాక లెవల్ తక్కువ. ఎక్కుడులో ఆయిల్ వెనక్కి జరిగినప్పుడు పంపు గాలి పీలుస్తుంది, గేరు జారుతుంది, కొత్త కూలర్ వల్లే చెడిందని నింద దాని మీద పడుతుంది. ఈ పని తెల్లవారుజామున, షెడ్డు తలుపు తీయగానే చేయించుకోండి. మెకానిక్ అన్న విసుక్కున్నా సరే.

కూలర్ చేయలేనివి కొన్నున్నాయి. ఆయిల్ నల్లబడి మాడు వాసన వస్తుంటే, అరవై, ఎనభై వేగంలో లాకప్ పడేటప్పుడు బండి వణుకుతుంటే, ప్లేట్లు ఇప్పటికే కాలాయి. కూలర్ వాటిని తిరిగి తేదు. బండి లాగగల బరువుని కూడా అది ఒక్క కిలో పెంచదు, బ్రేకులూ టైర్లూ హుక్కూ పాతవే. మోటారు వాహనాల చట్టం లెక్కలో ట్రైలర్ కూడా ఒక మోటారు వాహనమే, దానికి వేరే రిజిస్ట్రేషన్ కావాలి. ఘాట్ కింద పోలీసు అడిగితే గేర్ ఆయిల్ వేడి చూపించి ప్రయోజనం లేదు. వారంటీ మిగిలి ఉన్న బండికి ఇనుప పైపు కోయించే ముందు వారంటీ కాగితం చదవండి.

నడిపే తీరు కూడా కూలర్‌తో సమానంగా పనిచేస్తుంది, దానికి పైసా ఖర్చు లేదు. ఘాట్ మొదట్లోనే మాన్యువల్ మోడ్‌లో పెట్టి రెండో గేరో మూడో గేరో పట్టి ఉంచండి. గేరు ఊరికే మారదు, వీలైన చోట లాకప్ పడుతుంది, పంపూ ఫ్యానూ జోరుగా తిరుగుతాయి. ఎక్కుడులో ట్రాఫిక్ ఆగితే యాక్సిలరేటర్ మీద బండిని వేలాడదీయకండి. చక్రం కదలనప్పుడు ఇంజన్ ఇచ్చే శక్తంతా ఆయిల్‌లోకే పోతుంది, నిమిషంలోనే వేడి ఎగబాకుతుంది. బ్రేకు తొక్కి న్యూట్రల్‌లో పెట్టండి. పైకి చేరాక వేడి నూట పదిహేను చూపిస్తుంటే ఇంజన్ ఆపవద్దు. పార్క్‌లో పెట్టి వెయ్యి, పన్నెండు వందల ఆర్పీఎంలో ఐదారు నిమిషాలు నడవనివ్వండి. ఆపేస్తే పంపు ఆగుతుంది, ఆయిల్ ఉన్నచోటే ఉడుకుతుంది.

మొదటి ఘాట్ ప్రయాణం తర్వాత ఆ రాత్రి బండి ముందు కింద ఒక అట్టముక్క పరవండి. పొద్దున ఎర్ర చుక్క పడి ఉంటే ఏ క్లిప్పు కిందో చూసి అదొక్కటే పావు చుట్టు బిగించండి. ఐదు వందల కిలోమీటర్లకి ఇంకోసారి చూడండి. ఆ తర్వాత ఏడాది పొడవునా కూలర్‌కి అసలు శత్రువు వాటర్ సర్వీసు కుర్రాడే. వాళ్ల ప్రెషర్ గన్‌ని దగ్గరగా పెట్టి కొడితే పలుచటి రేకులన్నీ దువ్వెన పళ్లలా ఒకవైపు ఒరిగి, గాలి దారి మూసుకుపోతుంది. గ్రిల్ వైపు గన్ తిప్పకముందే చెప్పండి. మామూలు పంపు పైపుతో, వీలైతే వెనక నుంచి ముందుకి, దుమ్మూ పురుగులూ కొట్టుకుపోయేలా కడగమనండి.